మాట నేర్పని బడి, సాక్ష్యమడిగే చట్టం

న్యూఢిల్లీ:

2007 ఏప్రిల్ నెలలో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ ఒక అధ్యయనాన్ని వెలువరించింది. ఆ శాఖను అప్పుడు నిర్వహిస్తున్నవారు ఖమ్మం లోక్‌సభ సభ్యురాలు శ్రీమతి రేణుకా చౌదరి. పదమూడు రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను పలకరించి తయారు చేసిన నివేదిక అది. వారిలో నూటికి 53 మంది తాము ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపునకు గురైనట్లు చెప్పారు. అలా చెప్పినవారిలో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, పిల్లలు నమ్మినవారు. జరిగినదానిని ఎవరితోనూ చెప్పుకోని పిల్లలే అధికసంఖ్యాకులు. ఈ వేధింపు ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల వరుసలో అస్సాం, బీహారు, ఢిల్లీలతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది.

అదే వేసవిలో మరొక వార్త వచ్చింది. అంతకు రెండేళ్ళ క్రితం, 2005లో, కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి 'కౌమార విద్యా కార్యక్రమం' ప్రారంభించాయి. హైస్కూలు పై తరగతుల పిల్లలకు శరీరంలో వచ్చే మార్పులను గురించి, ఎయిడ్స్ వంటి వ్యాధులను గురించి, తమను తాము కాపాడుకోవడం గురించి ఏడాదికి కొన్ని గంటలపాటు చెప్పాలన్నది సంకల్పం. 2007లో మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక, మరికొన్ని రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి దానిని నిలిపివేశాయి. మధ్యప్రదేశ్‌లో నాడు భారతీయ జనతా పార్టీ ప్రభుత్వం. మహారాష్ట్రలో కాంగ్రెసు నాయకత్వాన ప్రభుత్వం. మన దేశంలో పార్టీలన్నీ ఏకాభిప్రాయానికి రావడం అరుదు. వచ్చిన సందర్భాలలో ఇది ఒకటి.

రోగమేమిటో తేలిన నెలలోనే మందు సీసాను పెరట్లో పారబోసిన చందాన జరిగింది వ్యవహారం. ఆనాటి నుంచి నేటి వరకు పార్లమెంటు ఈ విషయమై ఎన్ని మలుపులు తిరిగిందో గమనిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. పిల్లలపై అఘాయిత్యాలను శిక్షించడానికి మన శాసనకర్తలు దేశంలోనే అతి కఠినమైన చట్టాలలో ఒకదానిని చేశారు. కాని ఆ చట్టం ముందుకు వచ్చి నిలబడవలసిన బిడ్డకు నోటిలో మాట పెట్టే పనిని మాత్రం ఏ చట్టంలోనూ స్పష్టంగా బడికి అప్పగించలేదు. మార్గదర్శకాలకు, పథకాలకు, కార్యక్రమాలకు వదిలేశారు. మనం తర్కించుకోవలసిన అసలు విషయం అదే.

పెద్దల సభ తీర్పు

కౌమార విద్యపై రగిలిన వివాదం పార్లమెంటుకు చేరింది. జాతీయస్థాయిలో చర్చ జరిగి ఏకాభిప్రాయం కుదిరేదాకా కేంద్ర మాధ్యమిక విద్యామండలి పాఠశాలల్లో లైంగిక విద్యను ఆపాలని కోరుతూ కొందరు పౌరులు రాజ్యసభకు అర్జీ పెట్టుకున్నారు. అది పిటిషన్ల సంఘానికి వెళ్ళింది. ఆ సంఘానికి అధ్యక్షులు శ్రీ ముప్పవరపు వెంకయ్యనాయుడు. అంటే, సమస్య తీవ్రతను దేశానికి చెప్పిన నివేదిక ఒక తెలుగువారి చేతుల మీదుగా వెలువడితే, దానికి బడిలో చికిత్స తగదన్న నివేదిక మరొక తెలుగువారి చేతుల మీదుగా వెలువడింది. 2009లో సభ ముందుకు వచ్చిన ఆ రెండవ నివేదిక ఈ దేశపు సాంఘిక, సాంస్కృతిక స్వభావానికి లైంగిక విద్య సరిపడదని తేల్చి చెప్పింది. వివాహానికి ముందు సంపర్కం తగదన్న సందేశాన్ని పాఠశాలలు బోధించాలన్నది. కౌమారంలో వచ్చే శారీరక, మానసిక మార్పుల పాఠాన్నీ, ఎయిడ్స్, సుఖవ్యాధుల పాఠాన్నీ పాఠ్యక్రమం నుంచి తీసివేసి, వాటిని ప్లస్ టూ దశకు ముందు కాకుండా, జీవశాస్త్ర పుస్తకాలలో చేర్చమని సిఫారసు చేసింది.

ఆ సంఘం వాదనను ఒక్క మాటతో తోసిపుచ్చడం న్యాయం కాదు. 2005నాటి సామగ్రి ప్రధానంగా ఎయిడ్స్ నివారణ దృష్టితో తయారైనది. బోధకుల కోసం వేసిన కొన్ని బొమ్మలు, కొన్ని అభ్యాసాలు మన పల్లెటూరి హైస్కూలులో నలభైమంది పిల్లల ఎదుట నిలబడిన ఉపాధ్యాయుడికి ఎంతమాత్రం ఇమిడేవి కావు. విమర్శలు వచ్చిన తరువాత ఆ సామగ్రిని సవరించక తప్పలేదు. తల్లిదండ్రులతో ఒక్క మాటయినా చెప్పకుండా ఢిల్లీలో అచ్చువేసి రాష్ట్రాల మీదికి పంపితే తిరుగుబాటు రావడంలో ఆశ్చర్యమేమున్నది? ఆ మేరకు అర్జీదారుల ఆందోళనలో పస ఉన్నది.

కాని సంఘం సూచించిన చికిత్సను మన ఇంటర్మీడియట్ కళాశాల గడపలో నిలబడి చూడండి. ప్లస్ టూలో జీవశాస్త్రం ఎవరు చదువుతారు? బై.పి.సి. తీసుకున్నవారు. ఎం.పి.సి. కుర్రవాడికి, సి.ఇ.సి. అమ్మాయికి ఆ పుస్తకంతో నిమిత్తమే లేదు. పదవ తరగతితో చదువు చాలించినవారి సంగతి సరేసరి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం, ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ళ వయసుగల స్త్రీలలో పద్దెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయినవారు దేశంలో 23.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. సర్వేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళలోపు అమ్మాయిలలో 12.6 శాతం మంది తల్లులయినా అయ్యారు, గర్భవతులుగానైనా ఉన్నారు. దేశం సగటు 6.8 శాతమే. ఈ అమ్మాయిల దాకా ఆ ప్లస్ టూ పుస్తకం ఎన్నటికి చేరాలి? ఒడిలో బిడ్డ ఉన్నవారికి ప్రత్యుత్పత్తి పాఠం వాయిదా వేయడమంటే ఏమని అర్థం?

పాఠ్యపుస్తకంలో ఉన్నంతమాత్రాన బోధన జరిగినట్లు కాదని కూడా ఇక్కడే చెప్పాలి. మేము చదువుకునే రోజుల్లో, అంటే 1980లలో, మా ఊరి హైస్కూలు సైన్సు మాస్టారు గుండె పాఠాన్ని, మూత్రపిండాల పాఠాన్ని బల్లమీద రంగు సుద్దలతో బొమ్మలు వేసి కళ్ళకు కట్టించేవారు. ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇది ఇంటి దగ్గర చదువుకోండి, పరీక్షలో రాదు" అనేవారు. ఆయన మంచి గురువు. ఆయనకు తెలియక కాదు. ఆ మాటలను తరగతిలో ఎలా పలకాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు, పలికితే ఊరివారు ఏమంటారోనన్న భయానికి ఎవరూ అండగా నిలబడలేదు. ఇప్పుడు ఉపాధ్యాయులుగా ఉన్న నా మిత్రులనడిగితే ఆ సంప్రదాయం చెక్కుచెదరకుండా ఉన్నదనే చెబుతారు. తెలుగునాట పిల్లలు, పెద్దలు ఈ విజ్ఞానం కోసం బడిని కాక, వారపత్రికలలో విజయవాడ వైద్యులు డాక్టర్ జి. సమరం వ్రాసే సమాధానాలను ఆశ్రయించారంటే అది ఆయన సేవకు కీర్తి. మన విద్యావిధానానికి మాత్రం కాదు.

శిక్షలు పెరిగిన దారి

2009 సంవత్సరంలోనే పార్లమెంటు విద్యాహక్కు చట్టం చేసింది. ఆ చట్టం 29వ సెక్షన్ పాఠ్యక్రమం ఎలా ఉండాలో చెబుతూ, బిడ్డను భయం నుంచి, ఆందోళన నుంచి విముక్తం చేయాలనీ, తన మనసులోని మాటను స్వేచ్ఛగా చెప్పుకునేలా తోడ్పడాలనీ అన్నది. ఎంత చక్కని మాట! కాని ఒళ్ళు తాకిన చేతిని గురించి చెప్పుకునే స్వేచ్ఛ అందులో ఉన్నదా లేదా అని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మరి మూడేళ్ళకు, 2012 మే నెలలో, లైంగిక నేరాల నుంచి బాలలకు రక్షణ కల్పించే చట్టం, 'పోక్సో'గా అందరికీ తెలిసినది, ఉభయ సభల ఆమోదం పొందింది. ఆ ఏడాది బాలల దినోత్సవం నాడు అమలులోకి వచ్చింది. ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న భేదం లేకుండా పద్దెనిమిదేళ్ళలోపు వారినందరినీ అది కాపాడుతుంది. నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం కూడా నేరమే. బిడ్డ వాఙ్మూలాన్ని బిడ్డ ఇంటిలోనో, బిడ్డ కోరిన చోటనో నమోదు చేయాలి. సాధ్యమైనంతవరకు సబ్‌ఇన్స్‌పెక్టర్ స్థాయికి తగ్గని మహిళా అధికారి ఆ పని చేయాలి. ఆ అధికారి యూనిఫారంలో ఉండరాదు. కోర్టులో నిందితుడు బిడ్డ కంటపడకుండా చూడాలి. గద్దించే ప్రశ్నలు వేయరాదు. బిడ్డకు కోర్టు భాష రాకపోతే దుబాసీని ఏర్పాటు చేయాలి. ఇంత మృదువైన మనసుతో వ్రాసిన శాసనాలు మన శాసనగ్రంథాలలో ఎక్కువ లేవు.

అయితే దుబాసీ ఏమి చేయగలడు? ఒక భాషలోని మాటను మరొక భాషలోకి మార్చగలడు. ఏ భాషలోనూ ఆ మాట తెలియని బిడ్డకు ఏ దుబాసీ సాయపడగలడు? తన శరీరభాగాల పేర్లు బూతులుగా మాత్రమే విన్న ఎనిమిదేళ్ళ పాప, వాటిని నోట పలికితే అమ్మ కొడుతుందని మాత్రమే ఎరిగిన పాప, న్యాయమూర్తి ఎదుట ఏమని చెబుతుంది? "కడుపునొప్పి" అంటుంది. "ఆ మామయ్య మంచివాడు కాదు" అంటుంది. "బడికి వెళ్ళను" అంటుంది. చట్టం కోరేది సాక్ష్యం. బిడ్డ దగ్గర ఉన్నది మౌనం. ఈ రెంటికీ నడుమ ఉన్న ఖాళీలో నుంచి నేరస్థుడు నడిచి వెళ్ళిపోతాడు.

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తరువాత జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఈ ఖాళీని పసిగట్టింది. జస్టిస్ లీలా సేథ్, శ్రీ గోపాల్ సుబ్రహ్మణ్యం సభ్యులుగా ఉన్న ఆ సంఘం ఇరవైతొమ్మిది రోజులలో, 2013 జనవరి 23న, ఆరువందల పేజీలకు మించిన నివేదికను సమర్పించింది. శిక్షలను గురించి చెప్పి ఊరుకోలేదు. విద్యను గురించి, దృక్పథాన్ని మార్చడం గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయం వ్రాసి, పిల్లలకు లైంగిక విషయాలలో శాస్త్రీయమైన, పక్షపాతం లేని బోధన అవసరమని నొక్కి చెప్పింది. రెండు నెలలు తిరగకముందే పార్లమెంటు క్రిమినల్ చట్టాలను సవరించింది. సంఘం నివేదికలోని శిక్షల భాగంలో చాలామట్టుకు సవరణలోకి వచ్చింది. విద్యను గురించిన అధ్యాయం నివేదికలోనే ఉండిపోయింది. అప్పటి చర్చలో సభ్యుల దృష్టి అంతా సమ్మతి వయసు పదహారా, పద్దెనిమిదా అన్నదాని మీదనే నిలిచింది. పదహారని ప్రతిపాదించిన ప్రభుత్వం చివరకు పద్దెనిమిదికి ఒప్పుకున్నది. పద్దెనిమిదేళ్ళ దాకా ఆ పిల్లలకు ఎవరు ఏమి చెప్పాలన్నది ఎవరికీ పట్టలేదు.

2019లో పోక్సో చట్టాన్ని మళ్ళీ సవరించి, అతి హేయమైన నేరాలకు మరణశిక్షను చేర్చారు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022వ సంవత్సరంలో పిల్లలపై నేరాలు 1,62,449. అందులో పోక్సో కింద నమోదైనవి దాదాపు నూటికి నలభై. నమోదు పెరగడం ఒక విధంగా మంచిదే. నోరు విప్పేవారు పెరిగారనుకోవచ్చు. కాని చేతులు కాలిన తరువాత ఎన్ని రకాల ఆకులు పట్టుకోవాలో నిర్ణయించడంలోనే మన శాసనకర్తల శక్తి అంతా ఖర్చవుతున్నది.

చట్టం తెలియనివారికే శిక్ష

సమ్మతి వయసు మాట వచ్చింది కనుక మరొక ముఖ్యమైన సంగతి చెప్పుకోవాలి. పదిహేడేళ్ళ అమ్మాయీ, పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళ అబ్బాయీ ఇష్టపడి ఇల్లు విడిచి వెళ్ళారనుకోండి. చట్టం దృష్టిలో ఆ అమ్మాయి ఇష్టానికి విలువ లేదు. అబ్బాయి నేరస్థుడు. ఆ మంచిచెడ్డలు వేరే చర్చ. లా కమిషన్ 2023 నివేదికలో సమ్మతి వయసును పద్దెనిమిది నుంచి తగ్గించవద్దనే సలహా ఇచ్చింది. అది అలాగే ఉండవలసినదే అయితే, ఉన్నదన్న సంగతి ఆ వయసు పిల్లలకు ఎవరు చెబుతున్నారు? పోలీసు జీపు ఇంటి ముందు ఆగేదాకా ఆ అబ్బాయికి చట్టం పేరు కూడా తెలియదు. పోక్సో చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఈ చట్టాన్ని గురించి ప్రజలకు, పిల్లలకు, తల్లిదండ్రులకు రేడియో, టెలివిజన్, పత్రికల ద్వారా తరచుగా తెలియజేయడం ప్రభుత్వాల విధి. రేడియో ఉన్నది, టెలివిజన్ ఉన్నది, పత్రిక ఉన్నది. పిల్లలు రోజూ కూర్చునే బడి మాత్రం ఆ వాక్యంలో లేదు!

పశ్చిమబెంగాలుకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 మే నెలలో ఇచ్చిన తీర్పు ఈ సందర్భంలో గమనార్హం. పద్నాలుగేళ్ళ వయసులో ఒక యువకుడితో వెళ్ళిపోయిన బాలిక గాథ అది. అతడు నేరస్థుడని న్యాయస్థానం 2024లోనే నిర్ధారించింది. కాని తరువాత ఆ అమ్మాయి స్థితిగతులను నిపుణులచేత పరిశీలింపజేసి, నేరం కంటే దాని తరువాత వచ్చిపడిన పోలీసు, కోర్టు ప్రక్రియలే ఆమెను ఎక్కువ క్షోభపెట్టాయని గ్రహించి, తన ప్రత్యేకాధికారంతో శిక్ష విధించకుండా వదిలింది. అదే తీర్పులో కౌమార వయస్కులకు లైంగిక ఆరోగ్య విద్య మొదలైన సూచనలను పరిశీలించడానికి నిపుణుల సంఘాన్ని నియమించమని కేంద్రాన్ని ఆదేశించింది. అంతకుముందు 2024 సెప్టెంబరులో, పిల్లల అశ్లీల చిత్రాలకు సంబంధించిన తీర్పులోనూ సమగ్రమైన లైంగిక విద్య అవసరాన్ని వివరించి, అది పాశ్చాత్య భావన అన్న అపోహను ఖండించి, ఝార్ఖండ్‌లో నడుస్తున్న 'ఉడాన్' కార్యక్రమాన్ని ఉదాహరణగా చూపింది. 2025 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మరో కేసులో, ఈ విద్యను తొమ్మిదో తరగతిదాకా ఆపకుండా ఇంకా చిన్న వయసునుంచే ఆరంభించాలన్నది. చట్టసభలు చేయవలసిన ఆలోచనను న్యాయస్థానం ఏడాదికోమారు గుర్తుచేయవలసి రావడం ప్రజాస్వామ్యానికి శోభ కాదు.

కార్యక్రమాలకు ఆయుష్షు ఎంత?

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం అసత్యం. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం మొదలయింది. పదకొండు అంశాల ఆ ప్రణాళికలో ప్రత్యుత్పత్తి ఆరోగ్యం, ఎయిడ్స్ నివారణ, హింస నుంచి రక్షణ, ఇంటర్నెట్ జాగ్రత్తలు కూడా ఉన్నాయి. బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలన్నారు. మంచిదే. కాని కార్యక్రమం కార్యక్రమమే. మంత్రిగారి మనసు మారితే ఆగిపోతుంది. 2007లో జరిగినది అదే కదా! ఒక ముఖ్యమంత్రి లేఖతో, ఒక విద్యామంత్రి ప్రకటనతో రాష్ట్రం మొత్తంలో పాఠం ఆగిపోయింది. ఏ శాసనసభలోనూ చట్టం రద్దు చేయవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే రద్దు చేయడానికి చట్టమంటూ లేదు. 2014లో కేంద్ర ఆరోగ్యమంత్రి డాక్టర్ హర్షవర్ధన్ తన వెబ్‌సైటులో ఉంచిన పత్రంలో ఢిల్లీ బడులలో లైంగిక విద్యను నిషేధించాలన్న మాట కనిపించి గగ్గోలు పుట్టింది. అసభ్యతకే తాను వ్యతిరేకినని ఆయన వివరణ ఇచ్చుకున్నారు. ఒక మంత్రి పత్రంలోని ఒక వాక్యానికి దేశమంతా ఉలిక్కిపడవలసి వచ్చిందంటే, ఆ విద్య ఎంత సన్నని దారానికి వ్రేలాడుతున్నదో తెలుస్తూనే ఉన్నది.

జాతీయ విద్యావిధానం కథ కూడా ఇలాంటిదే. డాక్టర్ కస్తూరిరంగన్ సంఘం 2019లో ప్రకటించిన ముసాయిదాలో, సమ్మతి, వేధింపు, స్త్రీల పట్ల గౌరవం, భద్రత, కుటుంబ నియంత్రణ మొదలైన విషయాలలో వివేకం కలిగేందుకు హైస్కూలు దశలో లైంగిక విద్య ఉంటుందని స్పష్టంగా ఉన్నది. 2020 జూలైలో మంత్రివర్గం ఆమోదించిన తుది ప్రతిలో ఆ వాక్యం లేదు. ఆరోగ్యం, పరిశుభ్రత, ప్రథమ చికిత్స, మద్యపానం వల్ల అనర్థాలు ఉన్నాయి. ముసాయిదాకు, తుది ప్రతికి నడుమ మాయమైన వాక్యాల మీదనే ఢిల్లీ విలేఖరి కన్ను వేయవలసి ఉంటుంది. ప్రభుత్వాల అంతరంగం తరచు అక్కడే దొరుకుతుంది.

ఈలోగా పిల్లలు ఎవరి కోసమూ ఆగలేదు. 2019 డిసెంబరులో రాజ్యసభ అధ్యక్షుని హోదాలో శ్రీ వెంకయ్యనాయుడు గారే, సామాజిక మాధ్యమాలలో అశ్లీలత పిల్లలపై చూపుతున్న ప్రభావాన్ని అధ్యయనం చేయడానికి శ్రీ జైరాం రమేశ్ అధ్యక్షతన ఒక తాత్కాలిక సంఘాన్ని నియమించారు. 2020 జనవరిలో ఆ సంఘం నలభై సిఫారసులు చేసింది. పిటిషన్ల సంఘం నివేదిక వచ్చిన 2009కీ దీనికీ నడుమ పదకొండేళ్ళు. ఆనాడు పాఠం పిల్లలను చెడగొడుతుందేమోనని పెద్దలు భయపడ్డారు. ఈనాటికి పాఠం రాలేదు, సెల్‌ఫోను వచ్చింది. గురువు కుర్చీ ఖాళీగా ఉంచితే అందులో ఎవరూ కూర్చోరనుకోవడం అమాయకత్వం. ఎవరు కూర్చున్నారో ఇప్పుడు పెద్దల సభే సంఘం వేసి తెలుసుకున్నది.

ఒక్క ప్రశ్న చాలు

కేంద్రం చట్టం చేయడానికి అధికారం లేదా అంటే ఉన్నది. 42వ రాజ్యాంగ సవరణతో 1976లో విద్య ఉమ్మడి జాబితాలో చేరింది. ఆ అధికారంతోనే విద్యాహక్కు చట్టం వచ్చింది. రాష్ట్రాల భాష, ఆచారం, మనోభావాలు వేరువేరు గనుక పాఠాన్ని రాష్ట్రాలే తయారు చేసుకోవడం సబబు. ఏ తరగతిలో ఏ మాట చెప్పాలో మచిలీపట్నం ఉపాధ్యాయుడికి, ఆదిలాబాదు ఉపాధ్యాయురాలికి ఢిల్లీ అధికారి కంటే బాగా తెలుసు. రెండవ తరగతి పాపకు చెప్పవలసినది ఏమున్నది? నీ ఒళ్ళు నీది, ఎవరైనా తాకరాని చోట తాకితే అరువు, వచ్చి అమ్మకు చెప్పు, అమ్మ నమ్మకపోతే టీచరుకు చెప్పు, ఇంతే. ఇందులో సంస్కృతికి వచ్చే భంగమేమిటి? పెద్ద తరగతులలో శరీరధర్మం, పరస్పర గౌరవం, చట్టం. తల్లిదండ్రులను పిలిచి ముందుగా పుస్తకం చూపితే సగం అపనమ్మకం అక్కడే తీరుతుంది. రాష్ట్రాలకు ఇంత స్వేచ్ఛ ఇస్తూనే, 'చెప్పి తీరాలి' అన్న విధిని మాత్రం చట్టం మోపాలి. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో ఒక ఉపవాక్యం, పోక్సో 43వ సెక్షన్‌లో 'పాఠశాల' అన్న ఒక్క మాట చేర్చితే సరిపోయే పని. ఆ మాట ఉంటే, ఆపదలచుకున్న ముఖ్యమంత్రి లేఖ వ్రాసి ఊరుకోలేరు. మాస్టారి వెనుక చట్టం నిలబడుతుంది.

ఆ సవరణ వచ్చేలోగా చేయదగిన పని ఒకటున్నది. 2020లో వెలువడిన పోక్సో నియమావళిలో మూడవ నియమం, వయసుకు తగిన బోధన సామగ్రిని, పాఠ్యక్రమాన్ని పిల్లల స్వీయరక్షణ కోసం కేంద్రమూ, ప్రతి రాష్ట్రప్రభుత్వమూ తయారు చేయాలని ఆదేశిస్తున్నది. శరీర రక్షణ, నేరాన్ని తెలియజేసే పద్ధతి, 1098 ఫోను నంబరు, స్త్రీపురుష సమానత్వం అందులో ఉండాలని పేర్కొన్నది కూడా. నియమం ఉన్నది. దానిని ఎవరు ఎంతవరకు పాటించారని ప్రభుత్వాలను సభలో నిలదీసి అడిగే గొంతు మాత్రం బలంగా లేదు.

ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభకు ఇరవై అయిదుగురు, తెలంగాణ నుంచి పదిహేడుగురు. రాజ్యసభకు పదకొండుగురు, ఏడుగురు. మొత్తం అరవైమంది తెలుగు రాష్ట్రాల ప్రతినిధులు ఈ రాజధానిలో ఉన్నారు. ప్రశ్నోత్తరాల సమయంలో ఒక ప్రశ్న వేయడానికి పదిహేను రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. మూడవ నియమం కింద ఏ రాష్ట్రం పాఠ్యక్రమం తయారు చేసింది? ఏ భాషలో? ఎన్ని బడులలో బోధిస్తున్నారు? ఎంతమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు? జవాబు సభాకార్యక్రమాలలో అచ్చవుతుంది. ఆ జవాబు పట్టుకుని హైదరాబాదులోను, అమరావతిలోను శాసనసభ్యులు తమ ప్రభుత్వాలను అడగవచ్చు. రైల్వే వంతెనల గురించి, పొగాకు ధర గురించి మన సభ్యులు ప్రశ్నలు వేయగా గ్యాలరీలోంచి ఎన్నో మార్లు విన్నాను. అవీ అవసరమే. 2007 నివేదికలో మన పిల్లల గురించి వచ్చిన ఆ పంక్తిని గుర్తుంచుకుని అరవైమందిలో ఒక్కరు ఈ ప్రశ్న వేసిన రోజున, దాని జవాబును ఈ శీర్షికలో పూర్తిగా ప్రచురిస్తాను.